ఆర్కిడ్‌కు వాసన ఉంది, మన ఉక్కలోనూ పూస్తుంది

సంపాదకులు గారికి,

మీ ఆదివారం పేజీల్లో ఇంట్లో పెంచే ఆర్కిడ్ల మీద వచ్చిన వ్యాసంలో రెండు మాటలు సరిదిద్దాల్సినవి ఉన్నాయి. ఆర్కిడ్ పువ్వు చూడ్డానికే గానీ దానికి వాసన ఉండదన్నది ఒకటి. వారానికి మూడు ఐసు ముక్కలు కుండీలో వేస్తే నీళ్ల సంగతి తీరిపోతుందన్నది రెండోది. మొదటిది సగం నిజం. రెండోది చల్లటి దేశాల్లో, నాచు దట్టించిన కుండీల కోసం పుట్టిన చిట్కా. విశాఖలో మే నెలలో బొగ్గులు నింపిన కుండీకి ఆ మూడు ముక్కల నీరు గొంతు కూడా తడపదు, అడుగున పేరుకున్న ఉప్పును అసలే కడగదు.

వాసన సంగతి ముందు. నర్సరీల్లో, పూల దుకాణాల్లో వరసగా పెట్టి అమ్మే తెల్లటి, ఊదా రంగు ఫలనాప్సిస్‌లను పెద్ద పువ్వు, పొడుగాటి గెల, రెండు మూడు నెలలు వాడని రేకు, ఈ మూడింటి కోసమే తరతరాలుగా సంకరం చేస్తూ వచ్చారు. వాసన కావాలని ఎవరూ అడగలేదు, అది మధ్యలో జారిపోయింది. దండల్లో, బొకేల్లో కనిపించే ఊదా రంగు డెండ్రోబియం కథా అంతే. వాటిని చూసి ఆర్కిడ్‌కు వాసన లేదనడం, కాగడా మల్లెను చూసి మల్లెజాతికే వాసన లేదనడం లాంటిది.

మన ఊరికి ఏవి నప్పుతాయన్నదే అసలు ప్రశ్న. విశాఖలో చలికాలం రాత్రులు కూడా చాలావరకు 17, 18 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. ఎండాకాలం 35 దాటుతుంది, పడమటి గాలి తిరిగిన రోజున 40 చేరుతుంది. గాలిలో తేమ మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది. మనకు చిరాకు పుట్టించే ఆ ఉక్కే వేడి దేశాల ఆర్కిడ్‌కు ఊపిరి. కాబట్టి సింబిడియం అనే రకం ఆర్కిడ్ కొనొద్దు. అది పూత పట్టాలంటే శరదృతువులో రాత్రి చలి బాగా పడాలి, ఇక్కడ ఆకులు పెంచుకుంటూ కూర్చుంటుంది. డెండ్రోబియం నోబిలె రకాలదీ ఇదే ఇబ్బంది. జపాన్ నుంచి వచ్చే చిన్న నియోఫినీషియా వాసనకు పెట్టింది పేరే, కానీ దానికీ చలికాలం విశ్రాంతి కావాలి. చల్లటి హిమాలయ కొండల్లోని కాలింపాంగ్ వైపు నుంచి మొగ్గలతో వచ్చిన మొక్క ఇక్కడ ఒక్కసారి పూసి ఊరుకుంటే అది పెంచినవాళ్ల తప్పు కాదు.

ఇక్కడ హాయిగా పూసేవాటిలో మొదట చెప్పాల్సింది బ్రాసవోలా నోడోసా. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర తీరాల్లో సముద్రం ఒడ్డున మడచెట్ల మీద, రాళ్ల మీద పెరిగే మొక్క అది. వేడి, ఉప్పుగాలి దానికి పుట్టింటి సరుకు. పెన్సిల్ లాంటి ఆకులు, తెల్లటి పెదవితో, అంటే మిగతావాటికి భిన్నంగా ఉండే ముందు రేకుతో, సన్నటి పువ్వు. పగలంతా ఏమీ తెలియదు. చీకటి పడ్డాక, నిశాచర చిమ్మెటల కోసం, నిమ్మపూల వాసన విడుస్తుంది. మళ్లీ తెల్లవారేసరికి మాయం. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు లాంటి చోట్ల సముద్రం వైపు బాల్కనీ ఉన్నవాళ్లు మొదటి మొక్కగా దీన్నే ఎంచుకోవాలని మా సలహా.

బోర్నియో నుంచి వచ్చిన ఫలనాప్సిస్ బెల్లీనా ఇంటి లోపలికి, కిటికీ పక్కకు బాగుంటుంది. ఆకులు వెడల్పుగా, పువ్వు చిన్నగా ఉంటుంది. గులాబీ రేకులో నిమ్మతొక్క నలిపినట్టుండే వాసన పగటిపూట వస్తుంది. దీనికి పూతకు చలి అక్కర్లేదు, ఎండాకాలంలోనే పూస్తుంది. చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మామూలు ఫలనాప్సిస్‌కు చేసినట్టే పువ్వు రాలగానే గెల కత్తిరిస్తారు. బెల్లీనా ఒకే గెల మీద ఒకటి రెండు చొప్పున నెలల తరబడి పూస్తూ పోతుంది, మరుసటి ఏడూ అదే గెల చివర మొగ్గ వేస్తుంది. గెల దానంతటది ఎండి గోధుమరంగు తిరిగేదాకా కత్తెర పెట్టకూడదు.

రింకోస్టైలిస్ జైగాంటియా జనవరి, ఫిబ్రవరిలో పూస్తుంది. ఒక్క గెల హాలంతా వాసనతో నింపుతుంది. డెండ్రోబియం అనోస్మమ్ పేరుకు అర్థం ‘వాసన లేనిది’. పేరు పెట్టినవారికి దొరికిన పువ్వుకు వాసన లేదు కాబోలు, జాతి మొత్తానికి ఆ పేరు అంటుకుంది. నిజానికి పండిన బెర్రీపండు వాసనతో గుప్పుమంటుంది. చలికాలంలో దాని ఆకులన్నీ రాలి ఎండుపుల్లల్లా వేలాడతాయి. చచ్చిపోయిందని నీళ్లు గుమ్మరిస్తే అప్పుడు నిజంగా కుళ్లి చస్తుంది. డిసెంబరు నుంచి, కణుపుల దగ్గర మొగ్గలు ఉబ్బేదాకా, వారం పది రోజులకోసారి పైపైన చిలకరిస్తే చాలు. చాక్లెట్ వాసన వేసే ఆన్సీడియం షారీ బేబీ కూడా ఇక్కడ పెరుగుతుంది గానీ మే నెలలో దానికి కాస్త నీడ, గాలి ఎక్కువ కావాలి.

మన సొంత మొక్కను చివర్న చెప్పడం న్యాయం కాదు, అయినా దానికి వేరే మాట అవసరం. వాండా టెస్సలేటా తూర్పు కనుమల్లో మామిడి, ఇప్ప చెట్ల మీద కనిపిస్తుంది. ఆకుపచ్చ, పసుపు కలిసిన రేకుల మీద గోధుమరంగు గళ్లు, ఊదా పెదవి, తియ్యటి వాసన. 1795లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు మన సామర్లకోటలోనే పనిచేశాడు. వాండా అన్న పేరూ సంస్కృతంలోని ‘వందా’ నుంచి వెళ్లిందే. పల్లెల్లో చెట్టు మీద పెరిగే ప్రతిదాన్నీ బదనిక అనేస్తారు. మామిడి కొమ్మలోకి వేరు దించి రసం పీల్చే బదనిక వేరు, ఇది వేరు. ఆర్కిడ్ కొమ్మను పట్టుకుని నిలబడుతుందే తప్ప చెట్టు నుంచి చుక్క తీసుకోదు. వాననీరు, మంచు, బెరడు మీద పేరుకున్న చెత్త, ఇదే దాని తిండి.

ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే కుండీ గురించి సగం ప్రశ్నలు పోతాయి. ఆర్కిడ్ వేరు చుట్టూ స్పాంజి లాంటి తెల్లటి పొర ఉంటుంది. తడిస్తే ఆకుపచ్చగా, ఆరితే వెండిరంగులో కనిపిస్తుంది. నీరు గబుక్కున పీల్చి, తర్వాత గాలిలో ఆరాలి. మట్టిలో పెడితే ఆ ఆరడం జరగదు, ఊపిరాడక కుళ్లుతుంది. ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, కోకోపీట్ పొడి, ఏదీ పనికిరాదు.

దుకాణం నుంచి తెచ్చిన ఫలనాప్సిస్‌ను పువ్వులు అయిపోయాక కుండీ మార్చి తీరాలి. లాగి చూడండి, పైన బెరడు ముక్కలున్నా వేళ్ల నడుమ గుప్పెడు నాచు ముద్ద, ఒక్కోసారి దాని చుట్టూ చిన్న ప్లాస్టిక్ జాలీ కప్పు కూడా ఉంటుంది. అది మొక్క పిల్లగా ఉన్నప్పటిది. పైన ఎండినట్టు కనిపిస్తుంది, లోపల వారం రోజుల తడి. కుళ్లు మొదలయ్యేది అక్కడే. మొక్కను పావుగంట నీళ్లలో నానబెడితే వేళ్లు మెత్తబడి విరగవు. తర్వాత జాలీ కత్తిరించి, నాచు వేళ్లతో విడదీసి తీసేయండి. ఒక్కో వేరునూ రెండు వేళ్ల మధ్య నొక్కండి. గట్టిగా ఉంటే ఉంచండి, రంగు ఏదైనా సరే. నొక్కగానే నీరు కారి లోపల దారం మాత్రం మిగిలితే మొదలంటా కోసేయండి. బ్లేడును ప్రతి మొక్కకూ మంట మీద కాల్చాలి, వైరస్ తెగులు ఒక మొక్క నుంచి ఇంకోదానికి వెళ్లేది ఆ బ్లేడు మీదే. కోత మీద దాల్చినచెక్క పొడి అద్దొచ్చు, బాగున్న వేళ్ల మీద పడకుండా చూసుకోండి, అది వేరును ఎండగడుతుంది. ఒక రోజు నీడన ఆరనివ్వండి.

కుండీ నాలుగైదు అంగుళాలది చాలు. పెద్ద కుండీ అంటే పెద్ద తడి. లోపల వేళ్లు కనిపించే పల్చటి ప్లాస్టిక్‌ది తీసుకుని పక్కల్లో కాల్చిన కమ్మీతో పది పన్నెండు చిల్లులు పెట్టండి. అడుగున అంగుళం మందాన పెంకు ముక్కలు. పైన మూడు వంతులు ముప్పావు అంగుళం బొగ్గులు, రెండు వంతులు ఇటుక ముక్కలు, ఒక వంతు కొబ్బరి డొక్క ముక్కలు. బొగ్గంటే ఇస్త్రీ బండివాళ్లు వాడే కర్రబొగ్గు, కడిగి దుమ్ము పోగొట్టాలి. కొబ్బరి డొక్క మనకు ఊరికే దొరుకుతుంది గానీ అందులో ఉప్పు, వగరు నీరు ఉంటాయి. మూడు రోజులు నానబెట్టి రోజూ నీళ్లు మార్చాలి, చివరి నీళ్లు టీ రంగు పోయి తేటగా రావాలి. మొక్కను దించేటప్పుడు ఆకుల మొదలు బొగ్గుల పైకే ఉండాలి. కదలకుండా పుల్ల పాతి కట్టండి, మొక్క ఊగితే కొత్తగా వచ్చే వేరుకొన నలిగి ఆగిపోతుంది. నాలుగు రోజుల తర్వాతే మొదటి నీళ్లు.

వాండాకు, రింకోస్టైలిస్‌కు ఇంత తతంగం లేదు. చెక్కబుట్టలో ఉత్తగా పెట్టి, వేళ్లు గాలిలో వేలాడేలా కట్టేయడమే. వేలాడదీసే తీగ స్టెయిన్‌లెస్ స్టీలుదై ఉండాలి. మామూలు ఇనుప తీగ మన ఉప్పుగాలికి తుప్పుపట్టి, ఏదో ఒక రాత్రి మొక్క కింద పడుతుంది.

ఇక నీళ్లు. తీరం దగ్గరి కాలనీల్లో చాలా బోర్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లకు మందారం బతుకుతుంది, ఆర్కిడ్ వేరుకొన నల్లబడి మాడిపోతుంది. నీళ్లలో కరిగిన లవణాలెంతో చూపే చిన్న టీడీఎస్ మీటరుతో కొలవండి. 200 లోపు ఉంటే నిశ్చింత, 500 దాటితే వాడొద్దు. వాననీరు అన్నిటికంటే మేలు. ఏసీ నుంచి కారే నీరూ బాగా పనికొస్తుంది, అందులో లవణాలు దాదాపు ఉండవు. ఏసీని మందుతో కడిగించిన వారం మాత్రం ఆ నీళ్లు పట్టొద్దు. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీరు దీనికి పూర్తిగా తిరగబడ్డ సరుకు, ఉప్పంతా అందులోనే చేరుతుంది. నీరు వృథా పోకూడదన్న మంచి ఉద్దేశంతో దాన్ని ఆర్కిడ్లకు పోసి, మూడు నెలల్లో వేళ్లన్నీ పోగొట్టుకున్న ఇళ్లు చాలానే ఉంటాయి.

ఎన్నాళ్లకోసారి అని అడిగితే జవాబు క్యాలెండర్‌లో లేదు, వేరు రంగులో ఉంది. కుండీ గోడకు ఆనిన వేళ్లు వెండిరంగు తిరిగితే పొయ్యండి, ఆకుపచ్చగా ఉంటే ఆగండి. పోసేటప్పుడు కుండీ అడుగు నుంచి ధారగా కారేంత పొయ్యాలి. బుట్టలో వేలాడే వాండాను ఎండాకాలం పొద్దున ఒకసారి, మధ్యాహ్నం లోపు ఇంకోసారి తడపాలి. పైపు పెట్టి ఒక నిమిషం కొడితే పొర పైనే తడుస్తుంది. తడిపి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ తడిపితే వేరు మొత్తం పచ్చబడుతుంది. బకెట్లో పది నిమిషాలు ముంచినా సరే, ఒకే నీళ్లలో అన్ని మొక్కలనూ ముంచకుండా ఉంటే చాలు. సాయంత్రం నీళ్లు వద్దు. ఫలనాప్సిస్ ఆకుల నడిమధ్య గుంటలో నీరు నిలిచి రాత్రంతా ఉంటే చిగురు ఊడి చేతికొస్తుంది, ఇక ఆ మొక్క పైకి పెరగదు. నిలిచిన నీటిని టిష్యూ కాగితంతో అద్ది తీసేయండి.

ఎరువు గురించి పొట్టిగా. నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే 19:19:19 పొడి లీటరుకు అర గ్రాము, అంటే పది లీటర్లకు ఒక టీస్పూను, వేళ్లు తడిసి ఉన్నప్పుడు వారానికోసారి, మార్చి నుంచి అక్టోబరు దాకా. నెలలో ఒక వారం ఎరువు మానేసి మంచినీళ్లతో కుండీని బాగా కడగాలి. బియ్యం కడుగు, మజ్జిగ, టీ పిప్పి, అరటితొక్క నీళ్లు బొగ్గుల్లో బూజు, చీమలు, చిన్న ఈగలు తెస్తాయి. అవి కూరగాయల మడికి పొయ్యండి.

వెలుతురు తక్కువైతే ఆకులు ముదురు పచ్చగా నిగనిగలాడతాయి. ఇంట్లోవాళ్లు మొక్క బాగుందని మురిసిపోతారు, అది పూయదు. ఆకు లేత పచ్చగా ఉండాలి. పొద్దున పది గంటలకు ఆకు మీద అడుగు ఎత్తున చెయ్యి పెట్టి చూడండి. నీడ అంచులు మసగ్గా పడితే ఫలనాప్సిస్‌కు సరిపోతుంది, అంచులు తేటగా పడితే వాండాకు, బ్రాసవోలాకు. తూర్పు బాల్కనీ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. పడమర వైపైతే 50 శాతం నీడ వల కట్టకుండా ఆ పని పెట్టుకోవద్దు, ఒక్క మధ్యాహ్నంలో ఆకు మీద తెల్లటి కాలిన మచ్చ పడుతుంది, అది మళ్లీ పోదు. గాజువాక, మల్కాపురం వైపు, ఓడరేవు దగ్గర ఆకుల మీద పడే నల్లటి దుమ్మును పది రోజులకోసారి తడిగుడ్డతో తుడవండి.

వానాకాలంలో భయపడాల్సింది కుళ్లు తెగుళ్లకు. ఆకు మీద నీరు పట్టినట్టు మచ్చ లేచి, రాత్రికి రాత్రి అరచేతంత అయి, కంపు కొడితే అది బ్యాక్టీరియా. శిలీంద్రనాశిని దాని మీద పని చేయదు. మచ్చకు అంగుళం అవతల బాగున్న ఆకుతో సహా కోసి పారేసి, మూడు రోజులు నీళ్లు ఆపాలి. కంపు లేకుండా మొదలు నుంచి నల్లగా పాకితే అది నల్లకుళ్లు. దానికి మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు రెండు గ్రాములు, గ్లౌజులు వేసుకుని, మొక్కను ఇంటి బయటికి తెచ్చి కొట్టాలి. రెండింటికీ మూలం ఒక్కటే, వరసగా వారం రోజులు ఆరని ఆకు. జూన్ నుంచి అక్టోబరు దాకా పైన పారదర్శక షీటు, పక్కన చిన్న ఫ్యాను ఉంటే ఈ మందుల అవసరం చాలావరకు రాదు. పిండినల్లి కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్కటీ తుడవండి, ఆకు మొదళ్ల లోపల కూడా. వేరుకొనలు తెల్లారేసరికి కొరికినట్టుంటే బొద్దింకలో నత్తలో, టార్చి పట్టుకుని రాత్రి పదింటికి చూస్తే దొరుకుతాయి.

తుపాను హెచ్చరిక వస్తే వేలాడేవన్నీ లోపలికి తేవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి చెట్లను ఏం చేసిందో అందరికీ గుర్తే. గాలి తగ్గాక మొదటి పని ఆకుల మీది ఉప్పును మంచినీళ్లతో కడగడం.

అన్నీ సవ్యంగా ఉండి మొగ్గలు పసుపుబారి రాలిపోతున్నాయా? ఆ గదిలో మామిడిపండ్లు మాగబెట్టారేమో చూడండి. పండు మాగేటప్పుడు వదిలే ఇథిలీన్ వాయువు మొగ్గను రాల్చేస్తుంది. పక్కన అరటిగెల వేలాడినా అంతే. రాత్రంతా నడిచే ఏసీ ఎదురుగా పెట్టినా గాలి పొడిబారి మొగ్గ ముడుచుకుంటుంది.

పువ్వు విప్పిన రోజే వాసన లేదని నిరాశపడొద్దు, ఒకటి రెండు రోజులు పడుతుంది. ఒక్కో జాతికి ఒక్కో వేళ. బెల్లీనా దగ్గరికి వెలుగొచ్చిన పదింటికి వెళ్లాలి, బ్రాసవోలా దగ్గరికి రాత్రి భోజనాలయ్యాక. పైన సీలింగు ఫ్యాను తిరుగుతుంటే ఏ వాసనా తెలియదు.

చివరి మాట అడవి మొక్కల గురించి. అరకు, పాడేరు దారుల్లోనో సంతల్లోనో కొమ్మతో సహా కట్టగట్టిన ఆర్కిడ్లు ఎవరైనా అమ్మజూపితే తీసుకోవద్దు. వేళ్లకు బెరడు ముక్కలు అంటుకుని ఉండటం, వేరుకొనలు తెగి ఉండటం, పాత ఆకుల మీద పాకుడు, పురుగు తిన్న గాట్లు, ఇవి అడవి నుంచి పీకినదానికి గుర్తులు. రిజర్వు ఫారెస్టు నుంచి అనుమతి లేకుండా మొక్క తేవడం నేరం. ఆర్కిడ్ గింజ దుమ్ములా ఉంటుంది, లోపల తిండి నిల్వ ఉండదు, అడవిలో ఒక రకం బూజు తోడు దొరికితేనే మొలకెత్తుతుంది. మొలిచినా పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. పైగా అలా పీకిన మొక్క కొత్త చోట వేరు పట్టక తరచూ చచ్చిపోతుంది. ఆ బూజు తోడు లేకుండానే సీసాలో గింజ మొలిపించే పద్ధతి 1922 నుంచి ఉంది. అలా పెంచిన వాండా టెస్సలేటా, రింకోస్టైలిస్ రెటుసా పిల్లలను పేరు చీటీతో మన ఉద్యానశాఖ నర్సరీల్లో అమ్మితే అడవి జోలికి ఎవరూ వెళ్లరు. వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం ఈ పని తలకెత్తుకోవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఆన్‌లైన్లో తెప్పించుకునేవాళ్లకు ఒక సూచన. ఏప్రిల్, మే నెలల్లో వద్దు, పార్సిల్ పెట్టె లారీలో ఉడికిపోతుంది. ఫిబ్రవరిలో తెప్పించుకుంటే కొత్త వేళ్లు పుట్టే వేళకు మొక్క మీ బాల్కనీలో ఉంటుంది.

ఇట్లు,
మిద్దెతోటల పెంపకందార్లం కొందరం,
విశాఖపట్నం